కలమల్ల రాయి ముందు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్లనూ మనసులో మూడు చుక్కలుగా పెట్టుకోండి. చుక్కల్ని గీతలతో కలపండి. ఆ ముక్కోణం లోపల, ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు పోయే దారిలో, కలమల్ల ఉంది. థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు దూరం నుంచే కనపడతాయి కాబట్టి ఆ దారిన బస్సెక్కిన వాళ్లందరికీ ఆ ఊరు గుర్తుంటుంది. పొగగొట్టాలు చూసినంత మంది ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోకి పోయి ఉండరు. అక్కడ విరిగిన రాతి స్తంభం ఒకటి ఉంది. దాని మీద అరిగిపోయిన అక్షరాలున్నాయి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో, అంటే క్రీస్తు శకం 575 ప్రాంతంలో, చెక్కిన అక్షరాలవి. తెలుగులో రాసిన శాసనాల్లో ఇంతవరకు దొరికినవాటిలో పాతది ఇదేనని పండితులు చెబుతారు.

ప్రాచీన భాషల్లో పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకోవడం గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. ఆ మాట వినగానే ఎక్కడో కాశీ, మైసూరు, లేదంటే సముద్రాల అవతల ఆక్స్‌ఫర్డ్ తలపుకొస్తాయి. నాకు మాత్రం కలమల్ల గుడి ఆవరణ తలపుకొస్తుంది.

మాది జమ్మలమడుగు దగ్గర మగ్గం నేసే ఇల్లు. ఎం.ఏ. తెలుగు అయిపోయి నేను పరిశోధనలో చేరిన రోజు మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "ఏం పాపా, రాళ్ల మీద రాతలు చదివితే అన్నం పెడతాదా? ఎన్నేండ్లు చదవాల అది?" నాకు జవాబు తోచలేదు. ఈ ప్రసంగం మా అమ్మకు నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు. మీ ఇంట్లో అలాంటి పాపో బాబో ఉంటే మీకు కూడా.

ముందు ఒక్క మాట తీసుకుందాం. మన కడప జిల్లాలో "వాళ్లు" అనం, "వాండ్లు" అంటాం. "వాండ్లు వచ్చినారు, వాండ్ల ఇంట్లో పెండ్లి" అంటాం. పై చదువుకు నగరం పోయినప్పుడు, తరగతిలో నేను "వాండ్లు" అన్నందుకు ఒక అధ్యాపకుడు అందరి ముందూ దిద్దారు. అది పల్లెటూరి మాట, తప్పు మాట అన్నారు. ఆ పూటంతా నోరు తెరవలేదు నేను. తర్వాత పరిశోధనలో పాత శాసనాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది. మనం ఇప్పుడు "వాడు" అంటున్న మాటలో ఒకప్పుడు నకారం నిండుగా పలికేది. దాని పక్కనే డకారానికీ ఱకారానికీ మధ్యస్థంగా పలికే ధ్వని ఉండేది. ఆ ధ్వనికి రేనాటి చోళుల శాసనాల్లో ప్రత్యేకంగా ఒక అక్షరమే ఉంది. కాలం గడిచేకొద్దీ ఆ అక్షరం పోయింది. నకారం సన్నబడి అరసున్న అయింది. మన తాతలు బడిలో "వాఁడు" అని అరసున్న పెట్టి రాశారు. మనం అరసున్న కూడా వదిలేశాం. కానీ మా అమ్మ "వాండ్లు" అన్నప్పుడు ఆ నకారం ఇంకా మోగుతూనే ఉంది. పుస్తకాల్లోంచి పోయిన ధ్వనిని రేనాటి నోళ్లు కాపాడుకొచ్చాయి. దాన్ని తప్పు మాట అనడానికి ఎవరికీ అధికారం లేదు.

నాకు ఈ చదువు మీద ప్రేమ పుట్టింది అక్కడే. ఒక్క మాటను పట్టుకుని పద్నాలుగు వందల ఏండ్లు వెనక్కి నడిచిపోయి, మళ్లీ మన ఇంటి వసారాలోకే వచ్చి కూర్చోవడం. ప్రాచీన భాషల్లో డాక్టరేట్ చదువంటే స్థూలంగా ఇదే.

మళ్లీ కలమల్ల రాయి దగ్గరికి పోదాం. దాని మీద "రేనాణ్డు" అన్న మాట ఉంది. అది మన సీమ పాత పేరు, రేనాడు. ఆ పక్కనే "ఏళన్" అని ఉంది. ఏలుతుండగా అని అర్థం. ఏలిక, ఏలుబడి, ఏలుకో స్వామీ అని మనం ఇవ్వాళ అంటున్న మాటలన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. "ఊరి" అన్న మాట ఉంది. ఏ మార్పూ లేదు, బస్టాండులో మనం పలికే ఊరే అది. రాయి చివరికి వచ్చేసరికి భాష మారుతుంది. ఈ ధర్మం చెడగొట్టినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయన్న హెచ్చరిక సంస్కృత పదాలతో వస్తుంది. గమనించండి. తెలుగుకు మొదటిదని మనం చెప్పుకునే రాతలోనే పక్కపక్కన రెండు భాషలున్నాయి. పాలన, ఊరు, మనిషి తెలుగులో ఉన్నాయి. శాపం సంస్కృతంలో ఉంది. ఒక్క భాష వచ్చినవాళ్లకు ఆ రాయి సగమే పలుకుతుంది.

కమలాపురం వైపు ఎర్రగుడిపాడులో అదే వంశం వాళ్ల మరో శాసనం ఉంది. అందులో "ఇచ్చిన పన్నస" అని కనపడుతుంది. పన్నస అంటే దానంగా ఇచ్చిన భూమి. ఆ మాట మనకు పోయింది. "ఇచ్చిన" మాత్రం చెక్కు చెదరలేదు. నీకు ఇచ్చిన దుడ్లు, వాండ్లకు ఇచ్చిన మాట అని రోజూ అంటూనే ఉన్నాం. పోయిన మాట పక్కన పోని మాట నిలబడి ఉంటే, పోయినదాని అర్థం ఊహించడానికి పోనిదే దారి చూపిస్తుంది. పరిశోధకుడి పనిలో సగం ఇలాగే నడుస్తుంది.

ఈ పని చేతులతో ఎలా చేస్తారో చెబుతాను. రాతి మీద అక్షరాన్ని ఉత్త కంటితో చూసి రాసుకుంటే మోసపోతాం. మన కన్ను తనకు తెలిసిన అక్షరాన్నే చూడాలని ఆశపడుతుంది. అందుకని ముందు రాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరుస్తారు. గట్టి కుచ్చుల బ్రష్షుతో నెమ్మదిగా తడుతూ పోతే కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. కాస్త ఆరినాక గుడ్డ చుట్టిన ఉండకు సిరా అంటించి పైపైన అద్దుతారు. రాయి ఉన్నచోట కాగితం నల్లబడుతుంది, అక్షరం దిగినచోట తెల్లగా మిగిలిపోతుంది. కాగితం ఒలిచి ఎత్తి పట్టుకుంటే, నల్లటి రాత్రిలో చుక్కలు పొడిచినట్టు తెల్లటి అక్షరాలు కనపడతాయి. మొదటిసారి అది నా చేతుల్లో ఆరుతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అక్కడ మొదలవుతుంది అసలు పరీక్ష. కొన్ని చోట్ల రాయి పెచ్చు లేచిపోయి ఉంటుంది. ముందు రెండక్షరాలు, వెనక రెండక్షరాలు ఉంటాయి, మధ్యలో గుంత. ఆ గుంతలో ఏ అక్షరం ఉండి ఉంటుందో మనకు తోస్తుంది. చేయి ఉరుకుతుంది. నేను అలా ఒకచోట పూరించి, సంబరంగా మా గురువుగారికి చూపించాను. ఆయన కాగితం వైపు, నా వైపు చూసి, "అక్షరం ఉందా, ఉండాలని ఉందా?" అని అడిగారు. ఉండాలని ఉంది, అంతే. ఆయన నేను రాసిన అక్షరం కొట్టేసి ఆ చోట మూడు చుక్కలు పెట్టారు. శాసన పాఠాలు అచ్చువేసిన పుస్తకాల్లో మీకు ఆ చుక్కలు కనపడతాయి. ఇక్కడ రాయి పలకడం లేదు, నేను పలికించలేదు అని చదివినవాడు చేసే ప్రమాణం అది. నాలుగైదేండ్ల చదువులో నేను నేర్చుకున్న అన్నిటిలోకీ పెద్ద పాఠం ఆ మూడు చుక్కలు.

ఈ పాఠం మన ఊళ్ల పేర్లకూ పనికొస్తుంది. జమ్మలమడుగంటే జమ్ము పెరిగిన మడుగు అంటారు. పులివెందుల ఒకప్పుడు పులిమందల అనీ, పులుల మందలు తిరిగిన చోటనీ చెబుతారు. ప్రొద్దుటూరికి బ్రధ్నపురి అని సంస్కృతంలో పేరుంది. బ్రధ్నుడంటే సూర్యుడు, అంటే పొద్దు. మరి పొద్దుటూరును పండితులు సంస్కృతంలోకి మార్చి బ్రధ్నపురి చేశారా, బ్రధ్నపురే జనం నోట పొద్దుటూరు అయిందా? ఇంట్లో కూర్చుని వాదించుకుంటే ఇది తేలదు. తేదీ ఉన్న శాసనాల్లో ఏ రూపం ముందు కనపడుతుందో, ఏది వెనక వచ్చిందో వరసగా పేర్చి చూడాలి. అచ్చంగా ఈ పని చేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి మన మధ్యే పుట్టారు. కథకుడిగా అందరికీ తెలిసిన కేతు విశ్వనాథరెడ్డిగారు. ఎర్రగుంట్ల దగ్గరి రంగశాయిపురంలో 1939లో పుట్టిన ఆయన, కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే తన పరిశోధన చేశారు. పాడు, కూరు, పల్లె, మడుగు, గుంట్ల అని ఊరి పేరు చివర మనం ఊరికే పలికేసే ముక్కలు ఆయనకు చరిత్ర చెప్పే సాక్షులయ్యాయి. 1996లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ కథల్లో ప్రతి ఊరూ, ప్రతి పలుకుబడీ అంత నమ్మకంగా నిలబడడంలో ఆ ఊర్ల పేర్ల చదువుకూ వాటా ఉందని నా నమ్మకం.

రాళ్లలాగే తాటాకులు కూడా మనల్ని పరీక్షిస్తాయి. 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగం మీద కడప వచ్చాడు. కడపలో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించాడు. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట ఉంటుంది. లేఖకుడు నిద్రమత్తులో తప్పించిన పాదం ఒకటి, తెలివి చూపించి మార్చిన పాదం ఒకటి. వీటిలో కవి రాసింది ఏది? గ్రీకు, లాటిన్ కావ్యాలకు ఐరోపాలో ఏ పని జరిగిందో తెలుగు కావ్యాలకు ఆ పని కడప బంగళాలో జరిగింది. బ్రౌన్ పేరు మనకు తెలుసు. ఆ ప్రతులు చదివి, పోల్చి, దిద్ది, నకళ్లు రాసింది మాత్రం మన పండితులే. ఆ బంగళా చోటులోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో గ్రంథాలయంగా మొదలై, యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. పరిశోధన చేయాలనుకునే పిల్లలు మొదట తొక్కవలసిన గడప అది.

ఇంకొంచెం దూరం పోదాం. గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలున్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. బ్రాహ్మి ఎడమ నుంచి కుడికి పోతుంది. కానీ అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, వాటి పక్కవి కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. పాత గ్రీకు శాసనాల్లోనూ ఇలాంటి రాత ఉంది. గ్రీకులు దానికి పెట్టుకున్న పేరుకు అర్థం ఏమిటో తెలుసా? దున్నేటప్పుడు ఎద్దు తిరిగినట్టు. సాలు చివరికి పోయిన ఎద్దు మళ్లీ మొదటికి వచ్చి రెండో సాలు పట్టదు, అక్కడే మళ్లుకుని పక్క సాలు పట్టి వస్తుంది. చేలో ఎద్దుల వెనక నడిచిన మన పెద్దలకు ఆ గ్రీకు మాట అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కర్లేదు. ఏథెన్సులో చదివినా ఎర్రగుడిలో చదివినా ప్రాచీన భాషలు చివరికి మనిషి చేసిన పనిని, మనిషి పండించిన భూమినే మాట్లాడతాయి. రైతు బిడ్డకు, నేతగాడి బిడ్డకు ఈ చదువు పరాయిది కాదు. వాండ్లకు ముందే సగం వచ్చి ఉంటుంది.

ఇన్ని భాషలు ఒక మనిషి నేర్వగలడా అని భయపడేవాళ్లకు ప్రొద్దుటూరు పేరు చెబితే చాలు. సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురం జిల్లాలో పుట్టినా, ప్రొద్దుటూరిలో పాఠాలు చెప్పుకుంటూ ఏండ్ల తరబడి బతికారు. అక్కడి అగస్త్యేశ్వరుడి గుడిలోనే ఆయన "శివతాండవం" కావ్యం పుట్టింది. పద్నాలుగు భాషలు తెలిసినవారని ఆయనకు పేరు. సంస్కృతం, ప్రాకృతం, తమిళం, మలయాళం, కన్నడం ఒకదాని నుంచి ఒకదానికి ఇంటి గదుల్లో తిరిగినంత సులువుగా తిరిగారు. చిన్న వయసులో రాసిన "పెనుగొండ లక్ష్మి" తన విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథంగా వచ్చింది. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. మన పిల్లలు ఆయనంతటి వాళ్లు కావాలని నేను అనను. ఒక పరిశోధనకు పద్నాలుగు భాషలు అక్కర్లేదు. పాత తెలుగు, సంస్కృతం గట్టిగా రావాలి. పాత కన్నడం, తమిళం చదివి అర్థం చేసుకునేంత రావాలి, ఎందుకంటే మన పాత శాసనాల లిపి కన్నడంతో కలిసి పెరిగింది, పోయిన మన ధ్వనులు కొన్ని తమిళంలో ఇంకా ఉన్నాయి. గండికోట చివరి శతాబ్దాల మీద, కడప నవాబుల మీద పని చేసేవాళ్లకు పారసీకం కావాలి. అశోకుడి దగ్గరికి పోయేవాళ్లకు ప్రాకృతం కావాలి. మీ ప్రశ్న ఏదో తేలితే, మీకు కావలసిన భాషలు ఏవో అదే చెబుతుంది.

ఇక మా అమ్మ అడిగిన ప్రశ్నకు సూటిగా వస్తాను. ఎన్నేండ్లు చదవాలి? అన్నం పెడుతుందా?

2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి తక్కువలో తక్కువ 3 ఏండ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏండ్లు. ఆడపిల్లలకు అదనంగా 2 ఏండ్ల వెసులుబాటు, ప్రసూతి సెలవు ఉన్నాయి. ఎం.ఏ. తర్వాత చేరవచ్చు. నాలుగేండ్ల డిగ్రీ 75 శాతం మార్కులతో పూర్తి చేసినవాళ్లూ నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. యు.జి.సి. నెట్ పరీక్షలో తెలుగు, సంస్కృతం, ప్రాకృతం, పాళీ కూడా సబ్జెక్టులే. అందులో జె.ఆర్.ఎఫ్. వస్తే, 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్పు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, దాని ప్రాచ్య పరిశోధన సంస్థలోని తాటాకు ప్రతులు, అదే ఊళ్లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, ఇవన్నీ మనకు ఒక పూట ప్రయాణం. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చాక ఏర్పడిన విశిష్ట అధ్యయన కేంద్రం ఇప్పుడు నెల్లూరులో ఉంది.

ఉద్యోగాల మాట దాచను. అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. డాక్టరేట్ చేతికి రాగానే పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు. అందుకని ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోండి. అప్పు చేసి ఈ చదువు చదవొద్దు, ఫెలోషిప్పు కోసం ఒకటికి రెండుసార్లు నెట్ రాయండి. పాఠశాలలో పండిత ఉద్యోగం చేసుకుంటూ పరిశోధన చేసినవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు, ఆ దారీ గౌరవమైన దారే. కళాశాలలు కాక పురావస్తు శాఖలో శాసన విభాగం, మ్యూజియాలు, తాటాకు ప్రతుల భాండాగారాలు, నిఘంటువుల పని, పాత రాతల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా ఉన్నాయి. పాత లిపి చదవగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఆ విద్య వచ్చిన మనిషికి చేయడానికి పని మాత్రం మిగిలే ఉంది.

ఈ పిలుపు ఇంత ఆత్రంగా ఇవ్వడానికి కారణం ఒకటుంది. మన సీమ నాపరాయికి, నల్లరాయికి పేరు మోసింది. గనులు తవ్వుతున్నాం, రోడ్లు వెడల్పు చేస్తున్నాం, పాత గుళ్లకు కొత్త రంగులేస్తున్నాం. ఈ పనుల్లో అక్షరాలున్న రాయి గడప కింద పడొచ్చు, బట్టలుతికే బండ కావచ్చు, సున్నం కింద దాక్కోవచ్చు. చేసినవాళ్ల తప్పు కాదు. చదివి చెప్పే మనిషి ఆ ఊళ్లో లేడు, అంతే. ప్రతి మండలంలో పాత అక్షరం గుర్తుపట్టగలిగినవాళ్లు ఇద్దరున్నా చాలు, ఎన్నో రాళ్లు బతుకుతాయి.

మా అమ్మను ఒకసారి కలమల్లకు పిలుచుకుపోయాను. ఎండ నడినెత్తిన ఉంది. రాయి మీద ఆమెకు ఏమీ కనపడలేదు. "ఉత్త బండే గదా పాపా ఇది" అంది. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాం. పొద్దు దిగి వెలుగు రాతికి పక్కనుంచి పడేసరికి ప్రతి గీతలోనూ నీడ నిండింది, అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఆమె వేలు పట్టుకుని "ఊరి" అన్న మాట మీద నడిపించాను. "ఊరి" అని ఆమె పైకి పలికింది. ఎన్నేండ్లు చదవాల అని మళ్లీ నన్ను అడగలేదు.

మీ ఊళ్లో అలాంటి బండ ఉంటే, మధ్యాహ్నం చూసి ఉత్త బండ అనుకోకండి. పొద్దు పొడిచేటప్పుడో, పొద్దు గూకేటప్పుడో పోయి చూడండి. సున్నం పూయకండి, ఇనుముతో గీకకండి, అక్షరాల మీద సుద్దముక్కతో గీయకండి. వెలుగు పక్కనుంచి పడుతున్నప్పుడు ఫోనుతో ఫోటో తీసి దగ్గరి కళాశాల తెలుగు శాఖకు గానీ, కడప బ్రౌన్ కేంద్రానికి గానీ చేర్చండి. మీ ఇంట్లో ఓపికగల పాపో బాబో ఉంటే వాండ్లను వెంట తీసుకుపోండి. రేనాటి శాసనాల పుస్తకాల్లో ఇంకా చాలా చోట్ల చుక్కలే ఉన్నాయి. వాటిలో కొన్ని, "వాండ్లు" అని పలికే పిల్లలు వచ్చి చదివేదాకా అలాగే ఉంటాయి.